వాటుకు ఎంత పని? గ్రాఫిక్స్ కార్డుల కరెంటు చరిత్ర, మధ్యలో మన కొవ్వూరు



ఈసారి రాజుల కథ కాదు, శాసనాల కథ కాదు. మన ఇళ్లల్లో పిల్లలు అడుగుతున్న ఒక వస్తువు చరిత్ర. గ్రాఫిక్స్ కార్డు. ఆటలకని ఒకరు, వీడియో ఎడిటింగుకని ఒకరు, ఏఐ కోర్సుకని ఇంకొకరు అడుగుతారు. ధర దగ్గర మనం గట్టివాళ్లమే. రిచీ స్ట్రీట్‌లో నాలుగు షాపులు తిరిగి, ఐదో షాపులో కొంటాం. ఆ కార్డు ఎన్ని వాట్లు తింటుందో మాత్రం ఎవరం అడగం. ఆ సంగతి రెండు నెలల తర్వాత ఈబీ బిల్లు చెబుతుంది.

ఈ వాట్ల లెక్క వెనక యాభై ఏళ్ల చరిత్ర ఉంది. అందులో గోదావరి ఒడ్డున పుట్టిన మనవాడు ఒకాయన కూడా ఉన్నాడు. వ్యాసం కాస్త పొడుగే. కాఫీ పక్కన పెట్టుకుని తీరిగ్గా చదవండి.

ముందు ఒక కొలత పెట్టుకుందాం. మామూలు పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. 2004 ప్రాంతంలో వచ్చిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ పద్ధతిలో, మదర్‌బోర్డు మీది స్లాటు నుంచి కార్డు తీసుకోదగ్గ గరిష్ఠ కరెంటు కూడా 75 వాట్లే. అంటే ఒక ఫ్యాను. అంతకుమించి కావాలంటే పక్కనుంచి వేరే వైరు ఇవ్వాలి. ఈ ఒక్క ఫ్యాను గీతను గుర్తుపెట్టుకోండి, కథలో మళ్లీ వస్తుంది.

కథ 1974లో మొదలవుతుంది. ఐబీఎంలో పనిచేసే రాబర్ట్ డెన్నార్డ్, ఆయన సహచరులు ఆ ఏడాది ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. ట్రాన్సిస్టరును చిన్నది చేస్తే దానికి కావలసిన వోల్టేజీని కూడా అదే మేరకు తగ్గించవచ్చు. కాబట్టి అదే చోటులో ఎక్కువ ట్రాన్సిస్టర్లు పెట్టి, ఎక్కువ వేగంగా నడిపినా వేడి పెరగదు. క్లుప్తంగా ఆ సూత్రం ఇదే. ముప్పై ఏళ్లపాటు కంప్యూటరు పరిశ్రమ ఈ వరం మీదే బతికింది. ఏటా వేగం పెరిగేది, కరెంటు గురించి పెద్దగా బెంగ ఉండేది కాదు.

2005 ప్రాంతానికి ఆ వరం తీరిపోయింది. వోల్టేజీని ఒక హద్దు కిందికి తగ్గిస్తే ట్రాన్సిస్టరు పూర్తిగా ఆగదు. కట్టేసినా కారుతూనే ఉండే కొళాయిలా కరెంటు కారుతుంది. ఇక వోల్టేజీ తగ్గించలేరు, కాబట్టి వేగం పెంచితే వేడి పెరుగుతుంది. చిప్పు తినే కరెంటు దాని వేగాన్ని బట్టి, వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది. వేగం పెంచాలంటే వోల్టేజీ కూడా కొంత పెంచక తప్పదు. ఇదే లెక్క తిరగేసి చూడండి. వేగం, వోల్టేజీ రెండూ పది శాతం తగ్గిస్తే 0.9ని మూడుసార్లు గుణించాలి. వచ్చేది 0.73. పది శాతం పని వదులుకుంటే 27 శాతం కరెంటు మిగులుతుంది. గ్రాఫిక్స్ కార్డుల చరిత్రంతా ఈ ఒక్క లెక్క చుట్టూనే తిరిగింది.

పెళ్లి భోజనాల బంతి ఊహించుకోండి. రెండొందల మందికి నలుగురు వడ్డించాలంటే వాళ్లు పరుగెత్తాలి, చెమటలు కక్కాలి, సాంబారు ఒలకబోయాలి. పదిమంది ఉంటే నెమ్మదిగా నడుస్తూనే అందరికీ వడ్డిస్తారు, ఎవరూ అలిసిపోరు. గ్రాఫిక్స్ చిప్పుకు ఉన్న సౌలభ్యం ఇదే. తెర మీద లక్షల చుక్కలు ఉంటాయి, వాటికి రంగులు వేసే పని వందలమందికి, వేలమందికి పంచవచ్చు. పరుగా, నడకా అన్నది తయారీదారు ఎంచుకునే మార్గం.

ఇప్పుడు మనవాడి దగ్గరికి వద్దాం. రాజా కోడూరి కొవ్వూరులో పుట్టాడు. ఆంధ్రా యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ చదివి, ఖరగ్‌పూర్ ఐఐటీలో ఎం.టెక్ చేశాడు. 1996లో అమెరికాలోని ఎస్3 అనే గ్రాఫిక్స్ కంపెనీలో చేరాడు. అప్పట్లో కార్డు అంటే అరచేతిలో పట్టే పలక. చాలావాటికి ఫ్యాను కూడా ఉండేది కాదు. స్లాటు ఇచ్చిన కరెంటుతోనే సరిపెట్టుకునేవి.

2000 నాటికే అత్యాశ మొదలైంది. ఆ రోజుల్లో ఆటల కార్డులకు పేరెన్నిక గన్న 3డీఎఫ్ఎక్స్ కంపెనీ, వూడూ5 5500కు హార్డ్ డిస్కుకు ఇచ్చే వైరు తగిలించింది. ఆ పైన నాలుగు చిప్పులతో వూడూ5 6000 అనే కార్డు తయారుచేయబోయింది. దానికి కంప్యూటరు ఇచ్చే కరెంటు చాలక, గోడ సాకెట్‌లో పెట్టే ప్రత్యేక అడాప్టరు జతచేశారు. ఆ కార్డు బజారుకే రాలేదు. 2000 డిసెంబరులో కంపెనీ ఆస్తులు ఎన్విడియాకు అమ్ముడుపోయాయి. కంపెనీ మునిగిపోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, ఆ గోడ అడాప్టరు మాత్రం రాబోయే రోజులకు ముందే వచ్చిన కబురు.

2001లో రాజా కోడూరి కెనడా కంపెనీ ఏటీఐకి మారాడు. మరుసటి ఏడాది ఆ కంపెనీ రేడియాన్ 9700 ప్రో తెచ్చింది. వేగం 325 మెగాహెర్ట్జ్ మాత్రమే, కానీ పని చేసే వరుసలు ఎనిమిది, జ్ఞాపకశక్తికి దారి 256 బిట్ల వెడల్పు. దానికి జవాబుగా 2003లో ఎన్విడియా జీఫోర్స్ ఎఫ్ఎక్స్ 5800 అల్ట్రా తెచ్చింది. ఇంకా చిన్న ట్రాన్సిస్టర్లు, 500 మెగాహెర్ట్జ్ వేగం, కానీ దారి 128 బిట్లే. నలుగురితో పరుగు పెట్టించారన్నమాట. వేడి తట్టుకోలేక పెట్టిన ఫ్యాను మన వంటింటి మిక్సీలా మోగేది. చివరికి ఎన్విడియా వాళ్లే ఆ మోత మీద వేళాకోళం వీడియో తీసుకున్నారు. అంత చేసినా నడిచేవాడే పరుగెత్తేవాడిని దాటాడు.

ఎన్విడియా ఆ పాఠం వెంటనే పూర్తిగా ఒంటబట్టించుకోలేదు. 2010 మార్చిలో వచ్చిన జీటీఎక్స్ 480 కార్డు 250 వాట్లది, మన లెక్కలో మూడు ఫ్యాన్ల పైనే. ఆట ఆడుతుంటే చిప్పు 90 డిగ్రీలు దాటేది. దాని మీద ఆమ్లెట్ వేసుకోవచ్చని లోకమంతా నవ్వింది. అంతకు ఆరు నెలల ముందే వచ్చిన రేడియాన్ హెచ్‌డీ 5870 కార్డు 188 వాట్లతో దానికి కాస్తే వెనకబడింది. అప్పటికి ఏటీఐని ఏఎండీ కొనేసింది (2006). రాజా కోడూరి 2009లో ఏఎండీ వదిలి ఆపిల్‌కు వెళ్లాడు.

ఆ అవమానం ఎన్విడియాను మార్చింది. 2012లో వచ్చిన జీటీఎక్స్ 680ని చూస్తే ఏం చేశారో అర్థమవుతుంది. దాని ముందుతరం జీటీఎక్స్ 580లో 512 కోర్లు 1,544 మెగాహెర్ట్జ్ వేగంతో పరుగెత్తేవి, కార్డు 244 వాట్లు. జీటీఎక్స్ 680లో 1,536 కోర్లు 1,006 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచాయి, కార్డు 195 వాట్లు, పని మాత్రం ఎక్కువ. 2014 ఫిబ్రవరిలో జీటీఎక్స్ 750 టీఐ వచ్చింది. అరవై వాట్లు. పక్క వైరు అక్కర్లేదు, ఒక ఫ్యాను కంటే తక్కువ. అదే ఏడాది సెప్టెంబరులో వచ్చిన జీటీఎక్స్ 980 కార్డు 165 వాట్లతో, అంతకుముందు ఏడాది 250 వాట్ల రారాజు జీటీఎక్స్ 780 టీఐతో సమానంగా, చాలాచోట్ల దాన్ని మించి నిలిచింది. ఇందులో విశేషం, పాత కార్డుకూ కొత్త కార్డుకూ ట్రాన్సిస్టరు కొలత అదే, 28 నానోమీటర్లు. ఆదా అంతా కొత్త ఫ్యాక్టరీ నుంచి కాదు, మంచి ఆలోచన నుంచి వచ్చింది.

ఆ రోజులు మన ఊళ్లో ఎలా ఉండేవో గుర్తుందిగా. 2012లో చెన్నైలోనే రోజుకు రెండు గంటలు అధికారికంగా కరెంటు కోత. జిల్లాల సంగతి చెప్పనక్కర్లేదు. కంప్యూటరు ఉన్న ప్రతి ఇంట్లో టేబుల్ కింద ఒక యూపీఎస్. ఇళ్లల్లో వాడే మామూలు 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్ల దాకా మోస్తుంది. 250 వాట్ల కార్డు, దానికి తోడు ప్రాసెసరు, మానిటరు కలిస్తే అది చేతులెత్తేస్తుంది. 60 వాట్ల కార్డయితే సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేసే వ్యవధి ఇస్తుంది. వాటుకు ఎంత పని అన్న ప్రశ్న కాలిఫోర్నియాలో మార్కెటింగు మాట కావచ్చు. మనకు అది చేస్తున్న పని మిగలడమా, పోవడమా అన్న ప్రశ్న.

రాజా కోడూరి 2013లో ఏఎండీకి తిరిగి వచ్చాడు. 2015 సెప్టెంబరులో కంపెనీ గ్రాఫిక్స్ విభాగం మొత్తాన్ని విడిగా కట్టి ఆయన చేతిలో పెట్టారు. ఆయన నాయకత్వంలో 2016 జూన్ 29న వచ్చిన ఆర్ఎక్స్ 480 సామాన్యుడి కార్డు. 4 జీబీది 199 డాలర్లు. 150 వాట్లు, అంటే స్లాటు నుంచి ఒక ఫ్యాను, పక్క వైరు నుంచి ఇంకో ఫ్యాను. కాగితం మీద లెక్క సరిగ్గా సరిపోయింది. కానీ పరీక్షించిన వాళ్ల పరికరాలు వేరే చెప్పాయి. భారం పెరిగినప్పుడు కార్డు 150 దాటుతోంది, అందులో స్లాటు వాటా 75 గీత దాటుతోంది. పాత మదర్‌బోర్డులు తట్టుకుంటాయా అని కలకలం రేగింది. వారం పైచిలుకు రోజుల్లోనే ఏఎండీ కొత్త డ్రైవరు ఇచ్చింది. స్లాటు మీది భారంలో కొంత పక్క వైరు వైపు మళ్లించింది. మొత్తం కరెంటు తగ్గించుకోవాలనుకునే వాళ్లకు వేరే మీట కూడా పెట్టింది. సమస్య తీరింది. అయితే జులైలో ఎన్విడియా జీటీఎక్స్ 1060 తెచ్చింది. ఇంచుమించు అదే పని, 120 వాట్లు.

2017 ఆగస్టులో వేగా 64 వచ్చింది. గాలితో చల్లబడే రకం 295 వాట్లు. పదిహేను నెలల ముందే వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1080 కార్డు 180 వాట్లతో దాదాపు అదే పని చేసేది. పోటీలో నిలవడం కోసం వేగాను దాని సుఖమైన వేగం దాటించి తోశారు. చెరకు గడను గానుగలో మొదటిసారి పెడితే రసం ధారగా కారుతుంది. నాలుగోసారి పెడితే నాలుగు చుక్కలు, చేతికి నొప్పి మాత్రం అంతే. కొన్నవాళ్లలో చాలామంది తామే వోల్టేజీ తగ్గించి చూసుకున్నారు. కార్డు చల్లబడింది, పని పెద్దగా తగ్గలేదు, కొందరికి పెరిగింది కూడా. 2002లో నడిచి గెలిచిన పేరే 2017లో పరుగెత్తి అలిసిపోయింది.

ఆ నవంబరులో ఆయన ఇంటెల్‌కు మారాడు. అక్కడి ఆర్క్ ఏ770 కార్డు 2022 అక్టోబరులో వచ్చింది. 225 వాట్లు, పోటీగా పెట్టుకున్న ఎన్విడియా ఆర్టీఎక్స్ 3060 అయితే 170. 2023 మార్చిలో ఇంటెల్ కూడా వదిలాడు. ఇది ఆయన్ను తక్కువ చేయడానికి చెప్పడం లేదు. ఒక చిప్పు వెనక వేలమంది శ్రమ, నాలుగైదేళ్ల ముందు తీసుకున్న నిర్ణయాలు, కంపెనీ జేబులో ఉన్న డబ్బు అన్నీ ఉంటాయి. గెలుపు ఒక్కడిది కాదు, ఓటమీ ఒక్కడిది కాదు. కొవ్వూరు నుంచి వెళ్లి ప్రపంచంలోని పెద్ద గ్రాఫిక్స్ చిప్పు కంపెనీల్లో రెండింటికి దారి చూపిన మనిషిని మన పిల్లలు ఎరగాలి. గెలిచినవే కాదు, చెమటలు పట్టించినవి కూడా ఎరగాలి.

ఇక అసలు చిక్కుముడి. తరం తరానికీ వాటుకు వచ్చే పని పెరుగుతూనే ఉంది. మరి కార్డులు తినే కరెంటు తగ్గాలి కదా? ఎన్విడియా పెద్ద కార్డులే చూడండి. 2018లో ఆర్టీఎక్స్ 2080 టీఐ 250 వాట్లు. 2020లో 3090, 350 వాట్లు. 2022లో 4090, 450 వాట్లు. 2025 జనవరిలో 5090, 575 వాట్లు. ఏడున్నర ఫ్యాన్లు. దాదాపు ఇస్త్రీ పెట్టె. దీనికి కరెంటు ఇవ్వడానికి 600 వాట్లు మోసే కొత్త కనెక్టరు పెట్టారు. గోడ సాకెట్‌లో 230 వోల్టులు కాబట్టి 600 వాట్లకు మూడు ఆంపియర్లు కూడా పట్టవు. కంప్యూటరు లోపల 12 వోల్టులే కాబట్టి బొటనవేలంత ప్లగ్గులోంచి 50 ఆంపియర్లు పారాలి. 2022లో కొందరి ఇళ్లల్లో అది కరిగిపోయింది. ప్లగ్గు పూర్తిగా దిగకపోవడం వల్లే అని ఎన్విడియా చెప్పింది. మరుసటి ఏడాది దాని రూపం మార్చారు.

ఈ చిక్కుముడి పాతదే. 1865లో విలియం స్టాన్లీ జెవన్స్ అనే ఇంగ్లిషు ఆర్థికవేత్త బొగ్గు గురించి రాస్తూ, ఆవిరి యంత్రాలు పొదుపుగా మారేకొద్దీ దేశం బొగ్గు వాడకం తగ్గదు, పెరుగుతుంది అన్నాడు. చవకైన కొద్దీ కొత్త వాడకాలు పుడతాయి. కార్డుల్లోనూ అంతే. మిగిలిన ప్రతి వాటునూ ఇంకా పెద్ద తెరకు, ఇంకా ఎక్కువ ఫ్రేములకు ఖర్చు పెట్టారు. పొదుపుగా పనిచేసే యంత్రం ఉంటే ఇల్లు పొదుపుగా నడుస్తుందని కాదు. ఆదాను జేబులో వేసుకునే అవకాశం మాత్రం ప్రతి తరంలోనూ ఉంది. 2020లో 320 వాట్లు తిన్న ఆర్టీఎక్స్ 3080 చేసే పనిని 2023లో ఆర్టీఎక్స్ 4070 సుమారుగా 200 వాట్లతో చేసింది. ఎంచుకునేది మనమే.

మన ఇంటి లెక్క చూద్దాం. 2022 సెప్టెంబరు 10 నుంచి తమిళనాడులో అమలైన రేట్లతో వేస్తున్నాను. 2024 జులైలో ఇంకాస్త పెరిగాయి, కానీ 500 యూనిట్ల గీత అలాగే ఉంది. రెండు నెలలకు 500 యూనిట్లు దాటితే పై యూనిట్లకే కాదు, కింది స్లాబుకు కూడా రేటు మారుతుందని మీకు తెలిసిందే. ఒక ఇంట్లో 440 యూనిట్లు అనుకుందాం. బిల్లు 1,365 రూపాయలు.

350 వాట్ల కార్డున్న కంప్యూటరు మొత్తం 500 వాట్లు తీసుకుంటుందనుకుందాం. రోజుకు నాలుగు గంటలు ఆడితే రెండు నెలలకు 120 యూనిట్లు. మొత్తం 560. బిల్లు 2,430. అంటే 1,065 రూపాయలు అదనం.

అదే 200 వాట్ల కార్డు, ఫ్రేములకు హద్దు పెట్టి కంప్యూటరు మొత్తం 290 వాట్ల దగ్గర, రోజుకు మూడు గంటలు. 52 యూనిట్లు. మొత్తం 492, గీతకు ఇవతలే. బిల్లు 1,677. అదనం 312 రూపాయలు.

యూనిట్లు సగానికి కాస్త తక్కువ, డబ్బు మూడో వంతు కంటే తక్కువ. ఎండాకాలంలో ఏసీ వల్ల చాలా ఇళ్లు ఎలాగూ గీత దాటుతాయి. అప్పుడు ప్రతి అదనపు యూనిట్టూ ఎనిమిది, తొమ్మిది రూపాయల స్లాబులో పడుతుంది. ఇంకొకటి. కంప్యూటరు తిన్న ప్రతి వాటూ చివరికి గదిలో వేడే. 500 వాట్ల వేడిని బయటికి తోయడానికి ఏసీ ఇంకో 150 వాట్ల దాకా తింటుంది. మే నెల చెన్నైలో ఒకే కరెంటుకు రెండుసార్లు డబ్బు కడుతున్నామన్నమాట.

ఒక న్యాయమైన మాట కూడా చెప్పాలి. పని కోసం కొనేవాళ్ల లెక్క వేరు. వీడియో రెండరింగు చేసేవాడికి 450 వాట్ల కార్డు గంటలో ముగించే పనిని 200 వాట్ల కార్డు మూడు గంటలు చేస్తే, పెద్ద కార్డే 450 వాట్ అవర్లతో పొదుపు, చిన్నది 600 తింటుంది. ఆటలో అలా కాదు. కార్డు ఎంత వేగమైనదైనా పిల్లవాడు ఆడే గంటలు తగ్గవు కదా!

ఈ ప్రశ్న ఇప్పుడు ఇల్లు దాటి ఊరి మీదికి వచ్చింది. ఏఐ కోసం డేటా సెంటర్లలో వాడేవి కూడా ఈ కార్డుల వంశమే. ఎన్విడియా వీ100, 2017లో 300 వాట్లు. ఏ100, 2020లో 400. హెచ్100, 2022లో 700. మన అంబత్తూరు, సిరుసేరి వైపు వెళ్తే డేటా సెంటర్లు కనిపిస్తాయి. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం కడతామని ప్రకటించింది. దాని స్థాయి ఒక గిగావాటు. అదే విశాఖ జిల్లా వాళ్లకు తెలిసిన ఎన్టీపీసీ సింహాద్రి కేంద్రం మొత్తం సామర్థ్యం రెండు గిగావాట్లు. అందులో సగం. మనకు దగ్గరి కల్పాక్కం మద్రాసు అణువిద్యుత్ కేంద్రం రెండు యూనిట్లూ కలిపి 440 మెగావాట్లే. ఉద్యోగాలు ఎన్ని, పెట్టుబడి ఎంత అని అందరం అడుగుతున్నాం. మంచిదే. ఆ కరెంటు ఎక్కడినుంచి, దాన్ని చల్లబరిచే నీళ్లు ఎక్కడినుంచి, ఒక్కో వాటుకు ఎంత పని తీస్తారు అన్నవి కూడా అడగాల్సిన ప్రశ్నలే.

యాభై ఏళ్ల ఈ కథలో నాకు కనిపించిన సారం ఒకటే. ఇంజనీర్లు తమ వంతు ప్రతిసారీ చేశారు. తడబడినవాళ్లు కూడా రెండేళ్లలో సర్దుకున్నారు. ఎంత చాలు అన్న మాట మాత్రం చిప్పు చెప్పదు, అది వాడేవాడు చెప్పాలి. ఈ జూన్‌లో రిచీ స్ట్రీట్‌కు వెళ్లేవాళ్లు ధరతోపాటు వాట్లు కూడా అడగండి. ఇంటికి తెచ్చాక సెట్టింగుల్లో పవర్ లిమిట్ కాస్త కిందికి దించి చూడమని పిల్లలకే చెప్పండి. ఎన్ని ఫ్రేములు పోయాయో, ఎన్ని వాట్లు మిగిలాయో ఒక కాగితం మీద రాయమనండి. 0.9ని మూడుసార్లు గుణిస్తే ఎంతో వాళ్లకు జీవితంలో మరిచిపోకుండా గుర్తుంటుంది.

ఆ కాగితాలు ఉంటే ఇక్కడ పెట్టండి, అందరం చూద్దాం.